కమలాక్షి కొట్టులో మరకల విచారణ

మదనపల్లె టమోటా యార్డు వెనక వీధిలో నేను అద్దెకుండే ఇంటి కింద ఒక డ్రై క్లీనింగ్ కొట్టు ఉంది. బోర్డు మీద ఏదో దేవుడి పేరు రాయించారు గానీ ఎండకు సగం అక్షరాలు వెలిసిపోయాయి, మిగతా సగం ఎవరూ చదవరు. ఊరందరికీ అది కమలాక్షి కొట్టు. మరకలు తియ్యడంలో ఆమెకు ఈ చుట్టుపక్కల సాటి లేదంటారు. మూడేళ్లుగా ఆ కొట్టు నెత్తిన కాపురం ఉంటున్నాను కాబట్టి ఆ మాటకు నేను పూచీ ఇవ్వగలను. పదో తరగతి పిల్లలకు కర్బన సమ్మేళనాల పాఠం పదహారేళ్లుగా చెప్తున్నాను. అది నాకు సరిగ్గా అర్థమైంది మాత్రం ఈ కొట్టులోనే. ఈ మాట మా హెడ్మాస్టరు దాకా పోకపోతే మంచిది.

నా పేరు సుప్రజ. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. నాకు కోపం ఎక్కువని మా ఆయన, మా పిల్లలు, వీధిలో కూరగాయలమ్మే మనిషి, అందరూ ఒకే మాట మీద ఉన్నారు. వాళ్లనుకునేంత లేదు. అబద్ధం చెప్తే మాత్రం ఒళ్లు మండుతుంది. అలాంటి నేను కమలాక్షి కొట్టులో అడుగు పెట్టిన మొదటి రోజే అబద్ధం చెప్పాను.

జరిగింది చెప్తాను. శ్రావణ శుక్రవారం పూజలో నా మీగడ రంగు చీర మీద పసుపు నీళ్లు ఒలికాయి. వెంటనే బార్ సబ్బు పెట్టి రుద్దాను. పసుపు మరక కాస్తా ఎర్రగా మారింది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందన్నది ఏడో తరగతి పాఠం, ఏటేటా నేనే చెప్తాను. చెప్పేటప్పుడు గుర్తుండేది రుద్దేటప్పుడు గుర్తు రాలేదు. సైన్స్ టీచరై ఉండి ఆ పని చేశానని ఒప్పుకోవడానికి నామోషీ అనిపించి, కొట్టులోకి వెళ్లి, “కుంకుమ పడిందండీ” అన్నాను.

కమలాక్షికి యాభైకి ఒకటో రెండో తక్కువ ఉంటాయి. సన్నగా ఉంటుంది. గాజులకు ఎప్పుడూ నాలుగు పిన్నీసులు, మెడలో దారానికి కళ్లజోడు. చీర అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది, వెలుతురుకు పట్టి చూసింది, నన్నూ చూసింది.

“కుంకుమ అయితే పొడి పొడిగా ఒక్క సోటే ఉంటాది టీచరమ్మా. ఇది పాకింది. పసుపు కదా? సబ్బు పెట్టి రుద్దినావు కదా?”

“లేదండీ” అన్నాను.

“సబ్బు పెట్టకుండా యాల ఎర్రగా అవుతాది?”

నేను టీచర్ని, ఆమె నన్ను బెంచీ ఎక్కించినంత పని చేసింది. ఒప్పుకున్నాను. ఆమె ఒక నిమ్మచెక్క పిండి మరకను మళ్లీ పచ్చగా చేసింది. తర్వాత స్పిరిట్లో ముంచిన దూదితో ఒత్తి ఒత్తి సగం పైగా లాగేసింది. “పసుపు రంగు నీళ్లకు లొంగదు, స్పిరిట్టుకు లొంగుతాది. మిగిలింది ఎండలో రెండు దినాలు ఏస్తే సూర్యుడు తినేస్తాడు” అంది. తినేశాడు. ఆ రోజు నుంచి నేను ఆ కొట్టుకు మనిషినైపోయాను.

అబద్ధం చెప్పేది నేనొక్కదాన్నే కాదని తెలిశాక కొంచెం ఊరట కలిగింది. మరక తెచ్చే ప్రతి మనిషీ అబద్ధం చెప్తాడట. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ కిరణ్ తెల్లచొక్కా కాలరుకు నల్లమరకతో వచ్చి “బండి గ్రీజు” అన్నాడు. కమలాక్షి పెట్రోలు పెట్టి చూసింది, మరక కదల్లేదు. “గ్రీజు అయితే పెట్రోల్లో పోవాల కదప్పా. ఇది తలకు ఏసే రంగు” అంది మెల్లగా. ముప్ఫై మూడేళ్లకే జుట్టు నెరిసిన సంగతి కాబోయే పెళ్లాం వాళ్లకు తెలియదని అతను బావురుమన్నాడు. ఆ రంగు దేనికీ లొంగేది కాదు. ఆమె ఆ కాలరు తీసేసి కొత్త కాలరు కుట్టించి ఇచ్చింది, పెళ్లివాళ్లకు నిజం చెప్పమని సలహా కూడా ఇచ్చింది. సలహా తీసుకున్నాడో లేదో తెలియదు గానీ, కొత్త కాలరు చొక్కా మాత్రం వేసుకుని పోయాడు.

అందుకే ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. వెనకవైపు పాత చీర అడ్డం కట్టి, అవతల ఒక ముక్కాలి పీట వేసి ఉంటుంది. మరక తెచ్చిన మనిషి ఆ పీట మీద కూర్చోవాలి. వెంట ఎవరొచ్చినా, మొగుడు గానీ అత్త గానీ, వాళ్లకు కమలాక్షి ఒక ఫ్లాస్కు చేతికిచ్చి వీధి చివర టీ తెమ్మని పంపిస్తుంది. వాళ్లు పోయి వచ్చేలోపల పీట మీది మనిషి నిజం చెప్పాలి. అక్కడ చెప్పింది బయటికి రాదు. మా వీధిలో ఏ మగవాడైనా ఫ్లాస్కు పట్టుకుని నడుస్తుంటే, “ఆహా, వాళ్లావిడ పీటెక్కినట్టుంది” అని నవ్వుకుంటారు.

నిజంతో ఆమెకు అంత పనేమిటంటే, మరక పోవడం పోకపోవడం మరక జాతిని బట్టి ఉంటుంది. టీ, కాఫీ, బెల్లం పాకం, పెన్నుసిరా నీళ్లతో వదులుతాయి. నూనె, గ్రీజు, తారు నీళ్లను లెక్కచెయ్యవు. రక్తం చన్నీళ్లతోనే పోతుంది, వేన్నీళ్లు తగిలితే మొండికేస్తుంది. యార్డులో టమోటా బాక్సులు మోసేవాళ్ల చొక్కాల మీద ఎర్రమరకలకు ఆమె ముందు వంటనూనె రాస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు మతి పోయింది. టమోటా ఎరుపు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ ఎరుపు నూనెలోకి దిగాక, నూనెను సబ్బు లాక్కుపోతుంది.

ఇదంతా ఆమె ఎక్కడ నేర్చుకుందనేది ఇంకో కథ. కమలాక్షిది వెంకటగిరికోట పక్కన పల్లె. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. పదిహేడో ఏట కుప్పంలో మేనమామ ఇంట్లో ఉంటూ, ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పరీక్షనాళికలు కడిగే పనికి కుదిరింది. పిల్లలకు తెల్లపొడులు ఇచ్చి, ఏది ఏమిటో కనుక్కోమంటారు. సాయంత్రం వాళ్లు పోయాక వందల నాళికలు మిగులుతాయి. కడిగే మనిషికి పొడి పేరుతో పనిలేదు, వదులుతుందా లేదా అన్నదే కావాలి. గ్లూకోజు, యూరియా ఉన్న నాళికలు కుళాయి కింద పెడితే చాలు. కలరా ఉండల పొడి ఉన్నవి ఎంత రుద్దినా అంచుకు అతుక్కునే ఉండేవి. ఇంకోటి ఉండేది, చన్నీళ్లకు అసలు లొంగదు. ఒకరోజు పొరపాటున దాన్ని నేల కడిగే సోడా నీళ్లలో వేసింది. బుసబుస పొంగి మాయమైపోయింది. అది బెంజోయిక్ ఆమ్లమని నాకు తెలుసు, ఆమెకు అప్పుడు తెలియదు. మరునాటి నుంచి నాళికలను మూడు బకెట్లకు పంచి కడగడం మొదలుపెట్టింది. గంటన్నర పని అరగంటలో అయిపోయేది.

అక్కడి లెక్చరరు పురుషోత్తం సారు ఇది గమనించి, “నీకెవరు చెప్పారమ్మా?” అని అడిగాడట. “ఎవరూ సెప్పలేదు సార్. అది పొంగింది, నేను సూసినా” అందట. ఆయన తన క్లాసు పిల్లల్ని తిట్టాల్సినన్ని తిట్లు ఆ సాయంత్రం తిట్టుకుని, ఈమెను ఎదురుగా కూర్చోబెట్టి అసలు కారణం చెప్పాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆమె నాకు అదే పాఠం చెప్పింది, ఎవరిదో మరకపడ్డ చొక్కా గుండీలు విప్పుతూ.

“నీళ్లు ఒకదాని సెయ్యి ఒకటి పట్టుకోని ఉంటాయంట. వాటి మధ్యలోకి ఎవరన్నా పోవాలంటే, వాళ్లకీ పట్టుకునేదానికి సేతులుండాల. బెల్లానికి ఒళ్లంతా సేతులే. యాడ ఏసినా కలిసిపోతాది. నూనెకు ఏముండాది? ఇంత పొడుగు తోక. నూనె మీద నీళ్లకు కోపం ఏమీ లేదు టీచరమ్మా. వాటి సేతులు అవి వదులుకోవు, అంతే.”

ఈ చేతుల్నే మా పుస్తకంలో హైడ్రాక్సిల్ సమూహం అని రాస్తాం. సారాయికి తోక చిన్నది, చెయ్యి ఒకటుంది, అందుకే నీళ్లలో కలిసిపోతుంది. కార్బన్లు పెరిగి తోక పొడుగయ్యే కొద్దీ ఆ ఒక్క చెయ్యి దాన్ని నీళ్లలోకి లాగలేదు. సబ్బుకు ఒక కొస నీళ్లను పట్టుకునేది, రెండో కొస నూనెతో కలిసేది. ఇదంతా నేను బోర్డు మీద గీతలు గీసి చెప్తే పిల్లలు ఆవలించేవాళ్లు. కమలాక్షి చెప్పిన చేతుల సంగతి వాళ్లకు చెప్పాక ఒక్కడు కూడా మర్చిపోలేదు. నాకు ఆనందమూ కలిగింది, కొంచెం కుళ్లూ కలిగింది.

కమలాక్షి కుప్పం నుంచి పెళ్లై పుంగనూరు వచ్చింది. మొగుడు ఈశ్వరప్ప అక్కడ ఒక బట్టలకొట్టులో ఇస్త్రీ చేసేవాడు. మాటలు తక్కువ, మడత మాత్రం కత్తిలా పెడతాడు. ఆమె అక్కడే మరకల పని మొదలుపెట్టింది. పన్నెండేళ్ల కిందట మదనపల్లె వచ్చి సొంత కొట్టు పెట్టుకున్నారు. ఇక నేను చెప్పదల్చుకున్న అసలు సంగతికి వస్తాను.

పోయిన వేసవిలో ఒక సోమవారం, ఉదయం పదిన్నరకు, నేను సెలవుల్లో పనీపాటా లేక కొట్టులో కూర్చుని ఉన్నాను. బయట మోటారు సైకిలు ఆగింది. దిగిన మనిషి పేరు నరేష్, ముప్ఫై లోపు వయసు, కుప్పంలో ఒక గోడౌనులో సూపర్వైజరు. వెనక కూర్చుని వచ్చింది అతని తల్లి ఎల్లమ్మ. పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో వాళ్ల పల్లె. సీజన్లో యార్డుకు టమోటాలు ఏరే పనికి వస్తుంది కాబట్టి ఆమెకు కమలాక్షి కొట్టు తెలుసు.

ఆమె చేతిలో బట్ట లేదు. పాలిథిన్ కవరులో ఒక కాగితం ఉంది.

“అక్కా, ఇది మా ఇంటి స్థలం పట్టా” అన్నాడు నరేష్. “దీపం బోర్ల పడి నూనె ఒలికింది. బేస్తవారం మా ఊరి సచివాలయంలో ఒరిజినల్ సూపించమన్నారు. ఆన్‌లైన్లో మా పేరు ఎక్కలేదంట. ఇది సదవను రాకపోతే ఆ స్థలం మాది అని యాడా రుజువు లేదు.”

నేను కాగితం చూశాను. నూనె పీల్చుకుని గాజులా అయిపోయింది. ముందు పక్క రాతా వెనక పక్క రాతా ఒకదాని మీద ఒకటి కనిపిస్తూ, ఏ అక్షరం ఏ పక్కదో తెలియడం లేదు. పాతికేళ్ల కిందటి ఫారం. చేత్తో సిరాపెన్నుతో నింపారు. కింద ఊదారంగు ముద్ర, పక్కన అధికారి ఆకుపచ్చ సంతకం. ఆ స్థలంలోనే ఎల్లమ్మ, ఆమె భర్త లక్ష్మయ్య కూలి చేసి రెండు గదులు కట్టుకున్నారు. లక్ష్మయ్య పోయి నాలుగేళ్లయింది. ఆమె పేరుతో ఈ భూమ్మీద ఉన్నది ఆ ఒక్క కాగితమే.

“నేను నీళ్లలో ముంచినా అక్కా, నూనె పోతాదేమోనని” అన్నాడు నరేష్ తల గోక్కుంటూ. “సర్ఫ్ ఏసేలోపలే ఈ మూల నీలంగా కారింది. భయపడి తీసేసినా.”

నాకు కోపం నషాళానికి అంటింది. “చదువుకున్నవాడివి, పట్టా తీసుకెళ్లి బకెట్లో ముంచుతావా?” అని అరిచాను. సిరా రంగుకు నీళ్లంటే ప్రాణం, నూనెకు నీళ్లంటే గిట్టదు. నీళ్లు పోస్తే పోవాల్సింది ఉంటుంది, ఉండాల్సింది పోతుంది. ఇదంతా నేను ఊపిరి పీల్చకుండా చెప్పాను. పాపం, నిలబడి విన్నాడు.

కమలాక్షి కాగితం అందుకుంది. కళ్లజోడు పెట్టుకుని దాన్ని తిప్పి తిప్పి చూసింది, వాసన చూసింది. కారిన మూల దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత ఫ్లాస్కు తీసి నరేష్ చేతిలో పెట్టింది.

“టీ తీసుకోని రాప్పా. వీధి సివర.”

అతను వెళ్లాడు. పద్ధతి ప్రకారం నేనూ లేచాను. “ఆ యమ్మను ఉండనీ, రాసింది సదివి సెప్పేదానికి ఎవరో ఒకరు కావాల కదా” అంది ఎల్లమ్మ. ఉండిపోయాను. నా మనసులో కూడా ఉండాలనే ఉంది, దాచడమెందుకు.

ఎల్లమ్మ పీట మీద కూర్చుంది. కమలాక్షి కింద చాప మీద కూర్చుంది.

“పెద్దమ్మా, దీపం పడింటే మసి ఉండాల. వత్తి పీలికన్నా అంటుకోవాల. ఒక పక్కే తడవాల. ఇది రెండు పక్కలా సమంగా తడిసింది, ఈ మూల తప్ప. ఈ మూల బొటనవేలూ సూపుడు వేలూ పట్టేంత సోటుండాది. ఇక్కడ పట్టుకోని పైనుంచి పోసినారు. నూనె కూడా దీపానిది కాదు, తలకు పెట్టుకునేది. నిజం సెప్పు మా. లేకుంటే నేను సెయ్యి పెట్టను.”

ఎల్లమ్మ చీర అడ్డం కొంచెం తొలగించి, కొడుకు రావడం లేదని చూసుకుంది. తర్వాత ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది.

“నేనే పోసినా పాపా. మా వాడు గూడ్స్ ఆటో తీస్తానన్నాడు, టమోటాలు తోలేదానికి. ఫైనాన్సోళ్లు పట్టా పెట్టమన్నారంట. మంచోడే నా కొడుకు. కానీ ఆ రెండు గదులు పోతే నేను యాడికి పోవాల? ఇయ్యను అని సెప్పేదానికి నోరు రాలేదు. వాడు అడిగితే నేను లేదని ఎప్పుడూ అనలేదు. రేపు పొద్దున ఇస్తానని సెప్పి, కొబ్బరినూనె పోసినా. సదవలేని కాగితం ఎవురు తీసుకుంటారు?”

“మరి చించెయ్యలేదేమి?” అన్నాను నేను. నా నోరు అలాంటిది.

“సించితే స్థలం పోతాది కదమ్మా! నీళ్లు పోసినా పోతాది. మా రేషన్ కార్డు వానకు తడిసి అక్షరాలన్నీ నీలంగా కారిపోయినప్పుడు సూసినా. నూనె అయితే అక్షరం యాడికీ పోదు. దాంకోని ఉంటాది, అంతే. అందుకే నూనె పోసినా.”

కమలాక్షి నవ్వింది. ఆమె అలా నోరారా నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. “మా పురుషోత్తం సారు ఉండింటే నిన్ను ల్యాబులో పెట్టుకునుండు పెద్దమ్మా” అంది. నాకైతే నవ్వు రాలేదు. పదహారేళ్లు పాఠం చెప్పినదాన్ని, ఆ పల్లెటూరి మనిషి అంత కష్టంలో కూడా ఏది కరుగుతుందో ఏది కరగదో లెక్క చూసుకుని నూనె ఎంచుకుందని తెలిసి సిగ్గేసింది. పైగా ఆ నూనే కాగితాన్ని కాపాడింది. కొడుకు నీళ్లలో ముంచినప్పుడు నూనె పట్టిన చోటంతా నీళ్లు లోపలికి రానియ్యలేదు. ఆమె వేళ్లతో పట్టుకున్న మూల ఒక్కటే కారింది. అక్కడ తేదీలో నెల పోయింది, సంవత్సరం మిగిలింది.

“ఇప్పుడు ఇది తెల్లగా అయితే మావాడు మళ్లా అడుగుతాడు. తెల్లగా కాకపోతే బేస్తవారం స్థలం పోతాది. నువ్వే ఏదన్నా దోవ సూపించు” అంది ఎల్లమ్మ.

“మరక తీసేదే నాకు తెలిసిన పని మా. రెండోదానికి నా దగ్గర మందు లేదు” అంది కమలాక్షి.

పని మా మిద్దె మీద జరిగింది. పెట్రోలు ఆవిరికి ఇస్త్రీపెట్టె వేడి పనికిరాదు కాబట్టి ఈశ్వరప్ప కింద స్విచ్చి ఆపేసి, కూజాలో నీళ్లు తాగుతూ కూర్చున్నాడు. నీళ్లట్యాంకు నీడలో బల్ల వేశాం. కింద అద్దుడు కాగితాలు పరిచి పట్టాను వాటి మీద బోర్లించాం. డ్రై క్లీనింగుకు వాడే రంగులేని పెట్రోలు ఆమె దగ్గర ఉంది. పెట్రోలు కూడా తోకల జాతే, నూనెను తనలో కలుపుకుంటుంది, సిరాను ముట్టుకోదు. అయినా ఏ సిరాలో ఏం కలిపారో ఎవరికి తెలుసు? ముందు ఒక్క చుక్క ఎక్కడో వేసి చూడాలి. ఒకవేళ కరిగితే ఆ మాట పోతుంది.

“ఏ మాట మీద ఏద్దాం?” అని అడిగింది కమలాక్షి.

నేను కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, కళ్లు చికిలించి చదివాను. ఎల్లమ్మ పేరు ఉంది. కింద, భర్త పేరు లక్ష్మయ్య అని ఉంది. తర్వాత సర్వే నంబరు, నాలుగు హద్దులు.

“నా పేరు వద్దు, నెంబరు వద్దు, హద్దులు వద్దు” అంది ఎల్లమ్మ. “మా ఆయన పేరు మీద ఎయ్యి. గుంతలో దిగాలన్నా, బాయిలో దిగాలన్నా ముందర ఆయనే దిగేవాడు” అంది.

అగ్గిపుల్లకు చుట్టిన దూదితో కమలాక్షి ఆ పేరు చివర ఒక చుక్క పెట్టింది. ముగ్గురం వంగి చూశాం. చుక్క తడి చుట్టూ పాకింది, ఆరిపోయింది. అక్షరం ఉన్నచోటే ఉంది. దూదికి నీలం అంటలేదు. ఎల్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది, నేను ఆకాశంలో ఏదో కనిపించినట్టు అటు తిరిగాను.

తర్వాత గంటన్నర పట్టింది. వెనక నుంచి పెట్రోలు దూదితో ఒత్తడం, కింద కాగితాలు నూనె పీల్చగానే మార్చడం. నేను ఇంట్లోంచి చాక్‌పీసులు తెచ్చి పొడి చేసి ఇచ్చాను, మిగిలిన జిడ్డు అది పీల్చింది. టీ తెచ్చిన నరేష్ మెట్ల మీద నిలబడి చూశాడు. ఎండకు ఆరుతున్నకొద్దీ కాగితం తెల్లబడింది. వెనక రాత వెనక్కి పోయింది, ముందు రాత ముందుకొచ్చింది. మడతల్లో కొంచెం పచ్చరంగు మాత్రం మిగిలింది. ఏటా ఆయుధపూజకు పెట్టిన పసుపు అది, పెట్రోలుకు కదల్లేదు. “పసుపు ఉండనీ. దానివల్ల నష్టమేముండాది?” అంది కమలాక్షి.

ఎల్లమ్మకు చదువు రాదు. నన్ను మొత్తం చదివి వినిపించమంది. తూర్పు వీధి, పడమర బండ, ఉత్తరం మునిస్వామి ఇల్లు, దక్షిణం ఖాళీ జాగా అని చదువుతుంటే, ఒక్కొక్క హద్దుకూ తల ఊపింది.

గురువారం సచివాలయంలో కాగితం చూశారు. నెల కనపడకపోయినా నంబరు పట్టి పాత రిజిస్టరుతో సరిచూసి పేరు ఎక్కించారు. ఈ కబురు శనివారం ఎల్లమ్మే తెచ్చింది, సంచిలో రెండు కిలోల కొత్త చింతపండుతో. నరేష్ బయట బండి మీద కూర్చుని ఉన్నాడు, ఇంజను ఆపలేదు.

చింతపండు గల్లా మీద పెట్టి, కవరులోంచి పట్టా తీసి, ఎల్లమ్మ గొంతు తగ్గించింది. “పాపా, పేరు ఎక్కేసింది కదా. ఇంకొకసారి నూనె పొయ్యాల. ఈ తూరి మూల కూడా వదలకుండా నువ్వే పొయ్యి. నాకు సేతులు వణుకుతాయి.”

కమలాక్షి కాగితం తీసుకుని, మడత పెట్టి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది.

“ఎన్ని తూర్లు పోస్తావు మా? నోటితో సెప్పు. ఇయ్యనురా అని సెప్పు.”

“అది కష్టం పాపా.”

“కష్టమే. పో, బయటనే ఉండాడు.”

ఎల్లమ్మ నా వైపు చూసింది. నేను వీధి వైపు చెయ్యి చూపించాను. ఆమె కవరును గుండెకు ఆనించుకుని మెట్లు దిగింది. బండి పక్కన నిలబడింది. కొట్టులో నుంచి మేమిద్దరం చూస్తున్నామని కూడా మర్చిపోయినట్టుంది.

“నరేశా, బండి ఆపు. ఈ కాగితం నేను ఇయ్యన్రా. నేనుండేంత వరకూ ఇయ్యను.” కవరు ఇంకా గుండెకే ఆనించి ఉంది. “దీపం పడలేదు. నూనె నేనే పోసినా.”

నరేష్ ఇంజను ఆపాడు. వీధిలో యార్డు నుంచి వస్తున్న లారీ ఒకటి దాటిపోయింది.

“తెలుసు మా” అన్నాడు. “బకెట్లో ముంచినప్పుడే తెలిసింది. నీ తలనూనె వాసన నాకు తెలీదా? ఆటో వద్దని ఆ పొద్దే వాళ్లకు సెప్పేసినా.”

“మరి నన్నెందుకు అడగలేదురా?”

“అడిగితే ఏడ్చి కాగితం నా సేతిలో పెట్టేస్తావు. అందుకే అడగలా. ఎక్కు మా, ఎండ ముదరతాండాది.”

ఎల్లమ్మ కవరును రొండిన దోపుకుని, రెండు చేతులూ కొడుకు భుజాల మీద వేసి, బండి ఎక్కింది.